ఇంటి వెనక బస్సు షెడ్డు: పేపర్లో నోటీసు వచ్చింది, ఏం రాయాలి?

పుళల్_పద్మ
మాధవరం దాటాక పుళల్ వైపు మాదొక చిన్న కాలనీ, అరవై ఇళ్లు. మా వెనక గోడ అవతల ఒకటిన్నర ఎకరం ఖాళీ స్థలం ఉండేది. తుమ్మచెట్లు, రెండు గేదెలు, అంతే. నాలుగు నెలల కిందట చెట్లు కొట్టేసి, పైన రేకులు వేసి, బస్సులు తెచ్చి పెట్టడం మొదలుపెట్టారు. మొదట మూడు. నిన్న మేడెక్కి లెక్కపెడితే పద్నాలుగు. అన్నీ నెల్లూరు, విజయవాడ, హైదరాబాద్ పోయే ప్రైవేటు ఆమ్నీ బస్సులే. తెల్లారుజామున నాలుగింటి నుంచి ఒక్కోటీ తిరిగొస్తుంది. ఇక నీళ్లు కొట్టడం, కంప్రెసర్, రివర్స్ కూతలు, "వా వా వా... నిల్లు" అని క్లీనర్ల కేకలు. వంటింటి కిటికీ తెరిస్తే డీజిల్ పొగ. మా పాప ఈ ఏడు పదో తరగతి, చెవులకి దుప్పటి చుట్టుకుని చదువుకుంటోంది.

మొన్న కాలనీ వాట్సాప్‌లో ఎవరో పేపర్ కటింగ్ పెట్టారు. ఆ సర్వే నంబరుని ప్రైమరీ రెసిడెన్షియల్ నుంచి ఇండస్ట్రియల్‌కి మార్చమని అడుగుతున్నారట. అభ్యంతరాలుంటే 21 రోజుల్లో సీఎండీఏకి, అంటే చెన్నై మహానగర అభివృద్ధి సంస్థకి రాయాలట. అందులో ఆరు రోజులు అప్పుడే పోయాయి. షెడ్డు ముందూ, పర్మిషన్ తర్వాతా? అసలు మనం రాస్తే ఎవరైనా చదువుతారా? తెలిసినవాళ్లు చెప్పండి.

సూళ్లూరుపేట_సుబ్బు
పిల్లాడు పుట్టాక పెళ్లిచూపులన్నమాట.

కొళత్తూరు_కుర్రాడు
నోటీసులూ గీటీసులూ వదిలెయ్యండి. వీడియో తీసి సోషల్ మీడియాలో పెట్టండి, మంత్రిని ట్యాగ్ చెయ్యండి. ఒక్క రోజులో కదులుతుంది.

పుళల్_పద్మ
ఒక ఆఫీసులో ఫిర్యాదు ఇచ్చాం, ఏ ఆఫీసో ఇక్కడెందుకులే. రెండు రోజులకి "పరిష్కరించబడింది" అని మెసేజ్ వచ్చింది. ఆ రెండు రోజుల్లో బస్సులు తొమ్మిది నుంచి పదకొండయ్యాయి.

రిటైర్డ్_డ్రాఫ్ట్స్‌మన్
ముప్పై ఏళ్లు ప్లాన్లు గీసి, ఫైళ్ల వెనక తిరిగినవాణ్ణి. చదువుతారమ్మా. "మాకు నిద్ర పట్టట్లేదు" అని రాస్తే చదివి ఫైల్లో పెడతారు. "నక్షాలో రోడ్డు 30 అడుగులని చూపించారు, మేం కొలిస్తే అంత లేదు" అని రాస్తే టేపు పట్టుకుని మీ వీధికొస్తారు.

మొదట ఒక్కటి తెలుసుకోండి. షెడ్డుకి ఒకే ఒక్క పర్మిషన్‌తో సరిపోదు. స్థలం ఏ జోనులో ఉందో అది మార్చడం ఒక ఫైలు. అది 1971 నాటి టౌన్ అండ్ కంట్రీ ప్లానింగ్ చట్టం కింద మాస్టర్ ప్లాన్‌నే సవరించడం. ఇప్పుడున్న రెండో మాస్టర్ ప్లాన్ 2008లో వచ్చింది, దాన్లో మీ సర్వే నంబరుకి ఏ రంగు వేశారో అదే ఇప్పటికి లెక్క. దాని తర్వాత రేకుల షెడ్డు కట్టడానికి ప్లానింగ్ పర్మిషన్, అదింకో ఫైలు. బస్సులు కడిగి రిపేర్లు చేస్తే కాలుష్య నియంత్రణ మండలి సమ్మతి, అది మూడోది. కార్పొరేషన్ ట్రేడ్ లైసెన్సు నాలుగోది. మీ పేపర్ కటింగ్ మొదటిదానికి మాత్రమే. కంప్రెసర్ మోత గురించి నాలుగు పేజీలు దానికి రాసి పంపితే "ఇది మా పరిధి కాదు" అని ఒక్క లైనులో తేల్చేస్తారు.

సీఎండీఏ వెబ్‌సైట్లో గ్రామం పేరు, సర్వే నంబరు కొడితే జోను ఏమిటో చూపిస్తుంది. ప్రింట్ తీసుకోండి. వీధి వెడల్పు మూడు చోట్ల కొలవండి, ఇరుకైన చోటు ముఖ్యం. గేటు ఏ వీధిలోకి తెరుచుకుంటుందో ఫోటో తియ్యండి. షెడ్డుకీ దగ్గరి ఇంటికీ ఎన్ని అడుగులో రాయండి. ఇంకో మాట, ఓనరుని తిట్టకండి. తిట్టిన ఉత్తరం చూడగానే చదివేవాడికి ఇది పాత పగేమో అనిపిస్తుంది.

బ్లాక్_కోట్
పై పోస్టుకి నూటికి నూరు మార్కులు. ఒకటి కలుపుతా. జోను మారకుండానే, పర్మిషన్ లేకుండానే వాడకం మొదలైపోయింది కాబట్టి అదే చట్టంలో 56, 57 సెక్షన్లున్నాయి. అనుమతి లేని వాడకాన్ని ఆపించడానికి, సీలు వెయ్యడానికి. అభ్యంతరం ఉత్తరంలోనే ఒక పేరా పెట్టండి: ఫలానా తేదీ నుంచి వాడుతున్నారు, ఫోటోలు జతచేశాం అని. తేదీ లేని ఫోటో పనికిరాదు.

కొళత్తూరు_కుర్రాడు
సౌండ్ మీటర్ యాప్‌తో కొలిచి పెడితే?

బ్లాక్_కోట్
ఫోన్ యాప్ చూపించి ఎవరినీ ఒప్పించలేరు, కానీ కొలిపించమని అడగడానికి పనికొస్తుంది. 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనల ప్రకారం నివాస ప్రాంతంలో పగలు 55 డెసిబెల్స్, రాత్రి 45. రాత్రంటే పది నుంచి ఆరు. హద్దు కన్నా 10 డెసిబెల్స్ ఎక్కువైతే ఫిర్యాదు చేసే హక్కు ఎవరికైనా ఉంది. ఇంకో సంగతి: ఆ స్థలం ఇండస్ట్రియల్ అయిపోతే అక్కడి హద్దు 75, 70 అవుతుంది. ఈ మార్పు ఎందుకంత ముఖ్యమో ఇక్కడే ఉంది. జోను మారితే రేపు మీ మోత ఫిర్యాదు సగం చచ్చిపోతుంది.

డీజిల్_బాబు
అందరూ ఒకవైపే మాట్లాడుతున్నారు కాబట్టి ఇటువైపుదీ వినండి. నేను పదకొండేళ్లు చెన్నై-హైదరాబాద్ లైన్లో బండి నడిపా.

అది ఎయిర్ బ్రేకు బండి. చాలాసేపు ఆగితే ట్యాంకులో ఎయిర్ దిగిపోతుంది. స్టార్ట్ చేసి ఎయిర్ ఎక్కేదాకా పార్కింగ్ బ్రేకు వదలదు, బండి అంగుళం కదలదు. పది నిమిషాలు ఉత్తినే ఇంజను తిరగాల్సిందే. ఎయిర్ నిండగానే 'ఠస్స్' మని వదులుతుంది, మీ పాప ఉలిక్కిపడేది దానికే. ఎవడూ సరదాకి చెయ్యడు. రాత్రంతా నడిపి నాలుగింటికి వచ్చి, బండి కడిగించి, సీటు మీదే పడుకుని, సాయంత్రం మళ్లీ తియ్యాలి. సిటీలో పగలు బస్సు పెట్టుకోవడానికి చోటెక్కడుంది? 2023 డిసెంబర్ 30న కిలాంబాక్కం కొత్త బస్టాండు తెరిచారు. ఆ తర్వాత జనవరిలో, సౌత్ బస్సులన్నీ అక్కడికే పోవాలన్నారు. ఫిబ్రవరిలో హైకోర్టు మధ్యంతర ఉత్తర్వు ఇచ్చి, కోయంబేడు గ్యారేజీల్లో జనాన్ని ఎక్కించుకోవచ్చంది, పోరూరు, సూరపట్టు టోల్ ప్లాజాల దగ్గర కూడా. ఇంత గందరగోళంలో షెడ్డు ఓనరు చవగ్గా దొరికిన చోట పెట్టుకుంటాడు, ఇంకేం చేస్తాడు.

ఆ షెడ్డు ఎవరిదో ఇక్కడ రాయొద్దు పద్మగారూ, కావాలంటే నాకు విడిగా చెప్పండి. ఆ లైన్లో ఇన్‌చార్జీలు చాలామంది నాకు తెలుసు.

సూళ్లూరుపేట_సుబ్బు
బాబన్నా, చవగ్గా దొరికిందని పద్మక్క వంటింటి వెనక పెడతారా? మీ ఇంటి వెనక పెడితే ఎయిర్ కథ చెప్తారా?

డీజిల్_బాబు
మా ఇల్లే రెడ్‌హిల్స్ రోడ్డు మీద. లారీలు రాత్రంతా పోతాయి. మోత ఆగితేనే మెలకువొస్తుంది నాకు.

తాంబరం_తాతయ్య
పద్మమ్మా, కోపం తెచ్చుకోకు. సంక్రాంతికి ఊరికి ఏ బస్సులో పోతావు?

పుళల్_పద్మ
తాతగారూ, అదే నాకూ సిగ్గు. ఆ పద్నాలుగు బస్సుల్లో ఒకదాన్లోనే పోయిన నెల మా తమ్ముడి పెళ్లికి నెల్లూరు పోయొచ్చాం. దిగాక అదే బస్సు మాకన్నా ముందు మా ఇంటి వెనకకి చేరింది. మేం ఆటో కోసం నిలబడ్డాం.

సూళ్లూరుపేట_సుబ్బు
డ్రైవర్‌ని అడిగుంటే ఇంటి దాకా దింపేవాడు కదక్కా. గోడ దూకితే సరి.

అంబత్తూరు_అక్క
మా కథ చెప్తా, పనికొస్తుందేమో. మా వీధి చివర మూడేళ్ల కింద ఒక వ్యాన్ షెడ్డు పెట్టారు. మేమూ మొదట కేకలేశాం, ఏమీ కాలేదు. తర్వాత మా ఆయన ఆర్టీఐ వేశారు, పది రూపాయల కోర్టు ఫీజు స్టాంపు అంటించి. షెడ్డువాళ్లిచ్చిన అప్లికేషన్ కాపీ వచ్చింది. దాన్లో "వాహనాలు నిలుపుటకు మాత్రమే" అని రాసుంది. ఇక్కడేమో రోజూ వాటర్ వాష్, ఆయిల్ మార్చడం, టింకరింగ్, పెయింటు. బండ్లు ఊరికే నిలిపితే ఒక రూలు, సర్వీసింగ్, పెయింటింగ్ చేస్తే అది కాలుష్య మండలి లెక్కలో ఆరెంజ్ కేటగిరీ, వాళ్ల సమ్మతి లేకుండా నడపకూడదట. కడిగిన నీళ్లు నల్లగా మా వీధి కాలవలోకే వచ్చేవి. మా బోరు నీళ్లని తెల్ల బకెట్లో పట్టి రాత్రంతా ఉంచితే పైన రంగురంగుల పొర తేలింది. ఆ బకెట్ ఫోటో చూశాకే కదిలారు.

ఇక గెలిచామా అంటే సగం. షెడ్డు పోలేదు. కానీ కడగడం పొద్దున ఏడు నుంచి సాయంత్రం ఆరు లోపలే అని షరతు పెట్టారు, ఆయిల్ వేరు చేసే తొట్టి కట్టించారు, గోడ ఎత్తు పెంచారు, గేటు అటువైపు తిప్పించారు. మాకు నిద్రొచ్చింది. అంతే కదా కావలసింది.

కొళత్తూరు_కుర్రాడు
అంటే సెటిల్ అయిపోయారన్నమాట.

అంబత్తూరు_అక్క
అవును బాబూ, సెటిల్ అయ్యాం. నువ్వు మంత్రిని ట్యాగ్ చేసుకుంటూ ఉండు, నేను పడుకుంటా.

సూళ్లూరుపేట_సుబ్బు
😂 కుర్రాడా, మంచి నీళ్లు తాగు.

మౌనముని
ఒక ప్రశ్న. షెడ్డులో డీజిల్ నిలవ ఉందా? డ్రమ్ములు కనిపించాయా? 2500 లీటర్ల కన్నా ఎక్కువ ఉంటే పెట్రోలియం చట్టం కింద లైసెన్సు కావాలి. ఒకే పాత్రలో 1000 లీటర్లు మించినా అంతే. నేను అగ్నిమాపక పరికరాలు అమ్ముతా, ఈ విషయంలో షెడ్డువాళ్లందరూ "అంత లేదు సార్" అంటారు, వెనక్కెళ్లి చూస్తే ఉంటుంది.

పుళల్_పద్మ
నీలం డ్రమ్ములు ఆరేడు కనిపిస్తున్నాయి మేడ మీంచి. లోపల ఏముందో తెలీదు.

మౌనముని
అయితే డ్రమ్ములున్నాయి అని మాత్రమే రాయండి. డీజిల్ అని రాస్తే, అవి మంచినీళ్లని తేలితే మిగతా ఉత్తరం మీద కూడా నమ్మకం పోతుంది.

రిటైర్డ్_డ్రాఫ్ట్స్‌మన్
మునిగారి మాట బంగారం. పద్మమ్మా, ఇంకో రెండు చూడండి. పుళల్ చెరువు ఊరికి తాగునీళ్లిచ్చేది, 3.3 టీఎంసీల చెరువు. రెడ్‌హిల్స్ అన్నా అదే చెరువు. దాని క్యాచ్‌మెంట్, అంటే వాననీళ్లు చెరువులోకి పారే ప్రాంతం, కిందికొచ్చే స్థలాలకి మాస్టర్ ప్లాన్‌లో విడిగా ఆంక్షలున్నాయి. మీ సర్వే నంబరు దాన్లో పడుతుందో లేదో చూడండి. పడకపోతే ఆ ఊసే ఎత్తొద్దు.

రెండోది, ఆఫీసుకి వెళ్లి ఫైల్లో వాళ్లిచ్చిన సైట్ ప్లాన్ చూపించమని అడగండి. చూపిస్తే చూడండి. చూపించకపోతే ఆర్టీఐ, కానీ దానికి 30 రోజులు పడుతుంది, మీ గడువు అంతకు ముందే అయిపోతుంది. అందుకే ఉత్తరం ఇప్పుడే ఇచ్చి, "కాగితాలు అందాక అదనపు అభ్యంతరాలు సమర్పిస్తాం" అని చివర రాయండి.

తాంబరం_తాతయ్య
తమిళంలో రాయించండి. మన తెలుగోళ్లు నాలుగు తరాలుగా ఇక్కడే ఉండి ఇప్పటికీ అర్జీ ఇంగ్లీషులో రాస్తారు. చదివేవాడికి అర్థమైతే చాలు, మన పాండిత్యం వాడికెందుకు.

పుళల్_పద్మ
నిన్న ఆదివారం కదా, టేపు తీసుకుని వెళ్లాం. నేను, పక్కింటి ఆంటీ, మా పాప. మొదట్లో 29 అడుగులు, బాగానే ఉంది. మలుపు దగ్గర 26. ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర 22 అడుగుల 8 అంగుళాలు, పాప రెండుసార్లు కొలిచింది. అప్పుడే ఒక బస్సు వచ్చింది. మూడు యాక్సిళ్ల బండి, 15 మీటర్ల పొడవు ఉంటుందట. మలుపు ఒక్కసారికి తిరగలేదు. ముందుకి, వెనక్కి, ముందుకి, మళ్లీ వెనక్కి. క్లీనర్ దిగి వెనక అద్దాన్ని అరచేత్తో కొడుతూ నడిచాడు. మూల ఇంటి కాంపౌండ్ గోడ మీద నీలం పెయింటు గీతలు, ఒకదాని మీద ఒకటి, నాలుగు నెలల లెక్క రాసిపెట్టినట్టు.

ఇవాళ సెలవు పెట్టి ఎగ్మూరు వెళ్లా, సీఎండీఏ ఆఫీసున్న తాళముత్తు నటరాజన్ మాళిగైకి. భయపడుతూనే అడిగా, ఫైలు చూపించారు. ప్లాన్‌లో గేటు మా వీధిలో లేనే లేదు! ముందున్న మెయిన్ రోడ్డు నుంచి 40 అడుగుల దారి ఉన్నట్టు గీశారు. ఆ దారి ఉండాల్సిన చోట బిర్యానీ కొట్టుంది. రెండంతస్తుల బిల్డింగ్.

సూళ్లూరుపేట_సుబ్బు
బిర్యానీ కొట్టు మధ్యలోంచి బస్సు పోతుందన్నమాట. పార్సిల్ కట్టించుకుని.

రిటైర్డ్_డ్రాఫ్ట్స్‌మన్
అమ్మా, మీ కేసు ఇదే. మిగతావన్నీ తర్వాత. కొట్టు ముందు నిలబడి, మెయిన్ రోడ్డు, కొట్టు బోర్డు, వెనక షెడ్డు రేకులు మూడూ ఒకే ఫోటోలో వచ్చేలా తియ్యండి. ఉత్తరంలో మొదటి పేరా అదే. "సమర్పించిన ప్లానులో చూపిన దారి స్థలంలో లేదు. ప్రస్తుత రాకపోకలన్నీ ఫలానా వీధి గుండా, దాని కనిష్ఠ వెడల్పు 22 అడుగుల 8 అంగుళాలు." విశేషణాలు వద్దు.

డీజిల్_బాబు
ఇది మాత్రం తప్పే. నేను వాళ్లవైపు మాట్లాడా కానీ లేని దారి గీయడం తప్పు. 15 మీటర్ల బండి ఆ వీధిలో రాత్రిపూట తిప్పడం డ్రైవరుకీ ప్రాణసంకటం. తగిలితే కోసేది వాడి జీతమే, ఓనరుది కాదు.

కొళత్తూరు_కుర్రాడు
ఇప్పుడైనా వీడియో పెట్టొచ్చు కదా, ఆ బిర్యానీ కొట్టుది. వైరల్ గ్యారంటీ.

బ్లాక్_కోట్
ఉత్తరం ఇచ్చి, అందినట్టు కాపీ మీద సీలు వేయించుకున్నాక నీ ఇష్టం. ముందే పెడితే రేపు సవరించిన ప్లాను వచ్చేస్తుంది. కాస్త ఆగు.

అంబత్తూరు_అక్క
సంతకాలు ఎన్నయ్యాయి పద్మా?

పుళల్_పద్మ
అరవైలో నలభై మూడు. కొందరు ఊళ్లో లేరు. ఒకాయన పెట్టనన్నాడు, ఆయన మేడ మీది రెండు గదులు డ్రైవర్లకే అద్దెకిచ్చాడు. మొహమాటపడుతూ టీ మాత్రం ఇచ్చాడు. తమిళంలో మా స్కూల్ టీచరమ్మ రాసిచ్చారు, రెండు పేజీలు. ఒక కాపీ చేతికిచ్చి సీలు వేయించుకున్నా, ఇంకోటి స్పీడ్ పోస్టు. కాలుష్య మండలికి విడిగా ఒకటి, వాష్ నీళ్ల ఫోటోలతో. డ్రమ్ముల గురించి ఒక్క లైనే.

బ్లాక్_కోట్
ఎన్జీటీ (జాతీయ హరిత ట్రైబ్యునల్) దాకా పోవాల్సొస్తే ఆరు నెలల గడువు గుర్తుంచుకోండి. దక్షిణ బెంచి ఇక్కడే, చెపాక్‌లో. పోకూడదనే కోరుకుందాం.

తాంబరం_తాతయ్య
మూడు వారాలైంది, ఏమైందమ్మా? చచ్చామో బతికామో చెప్పాలి కదా.

పుళల్_పద్మ
సారీ తాతగారూ, పాపకి పరీక్షలు. పోయిన బుధవారం సైటు చూడ్డానికి ఇద్దరు వచ్చారు. ఎక్కువ మాట్లాడలేదు. టేపు పట్టారు, ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర వాళ్లకి 22 అడుగుల 6 అంగుళాలే వచ్చింది, మనకన్నా రెండంగుళాలు తక్కువ. తర్వాత మెయిన్ రోడ్డు వైపు నడిచి బిర్యానీ కొట్టు ముందు నిలబడి, ప్లాను తిప్పి తిప్పి చూసుకున్నారు. "ఈ కొట్టు ఎప్పటి నుంచి?" అని అడిగితే కౌంటర్లో కుర్రాడు "ఆరేళ్లు సార్, కూర్చోండి, ఒకటా రెండా?" అన్నాడు.

ఫైలు ఇంకా తేలలేదు, దారి గురించి వివరణ అడుగుతూ షెడ్డువాళ్లకి లెటర్ వెళ్లిందట. నిన్న పొద్దున లెక్కపెడితే బస్సులు పదకొండు. ఇంకో విచిత్రం, నాలుగు రోజులుగా కడగడం పొద్దున ఏడు దాటాకే మొదలవుతోంది. క్లీనర్లు కేకలెయ్యట్లేదు, టార్చి ఊపుతున్నారు. ఎవరు చెప్పారో తెలీదు.

డీజిల్_బాబు
నేనే. ఆ ఇన్‌చార్జి నాతోపాటు క్లీనరుగా చేరినవాడు. పదో తరగతి పిల్ల ఉందని చెప్పా. 'ఠస్స్' మాత్రం ఆపలేనన్నాడు.